చివరి రోజు బాగానే పనిచేసిన కంప్యూటర్ ఇప్పుడెందుకు లేవడం లేదు?

ప్రశ్న: మేము చెన్నై పెరంబూరులో ఉంటాం. మా నాన్నగారు ఇంట్లోనే చాలా ఏళ్లపాటు తెలుగు డీటీపీ పని చేశారు. పెళ్లిపత్రికలు, భజన పాటల పుస్తకాలు, సంఘాల కరపత్రాలు అన్నీ 2007లో కొన్న ఒకే డెస్క్‌టాప్ మీద కూర్చారు. కిందటి అక్టోబరులో వానలకు ముందు దాన్ని ఆపి, గుడ్డ కప్పి, గది మూలన నేలమీద పెట్టాం. ఆ చివరి రోజు కూడా అది బాగానే పనిచేసింది. ఎనిమిది నెలల తరువాత మొన్న బటన్ నొక్కితే లోపల ఫ్యాను అర సెకను తిరిగి ఆగిపోయింది. మూడుసార్లు అలాగే అయ్యాక ఇప్పుడు అసలు చలనమే లేదు. వీధి చివరి కొట్టతను వచ్చి, మూత కూడా విప్పకుండా ‘బోర్డు పోచ్చుమ్మా’ అని చెప్పి, కొత్తది కొనుక్కోమన్నాడు. నాన్నగారికి కంప్యూటర్ కంటే అందులోని ఫైళ్ల మీదే బెంగ. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, చెన్నై

సమాధానం: మీరు ఒకటిగా రాసిన ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. కంప్యూటర్ లేస్తుందా అన్నది ఒకటి, నాన్నగారి ఫైళ్లు క్షేమంగా ఉన్నాయా అన్నది మరొకటి. ఫైళ్లుండేది హార్డ్ డిస్కులో. మీరు వర్ణించిన లక్షణాలన్నీ కరెంటు సరఫరాకు సంబంధించినవి. కొట్టతను చెప్పినట్టు బోర్డే (లోపలి భాగాలన్నిటినీ కలిపే మదర్‌బోర్డు) పోయినా, దానితోపాటు డిస్కు కూడా పోయిందని అనుకోనక్కరలేదు. ముందుగా ఈ ముక్క నాన్నగారికి చెప్పండి. అయితే డిస్కును తగిలించి ఉంచి, ఈసారైనా లేస్తుందేమోనని మళ్లీ మళ్లీ బటన్ నొక్కడం మాత్రం ఇవాళ్టితో ఆపేయండి. సరఫరా అదుపు తప్పిన కంప్యూటర్‌లో డిస్కు అడుగున ఉండే చిన్న సర్క్యూట్ బోర్డుకు దెబ్బ తగిలే ప్రమాదం ఉంది. అది కాలితే ఇప్పుడున్న చిన్న చిక్కు పెద్దదవుతుంది.

కాబట్టి మొదటి పని డిస్కును పక్కకు తప్పించడం. గోడ నుంచి ప్లగ్గు పూర్తిగా ఊడదీయండి. స్విచ్చి ఆపితే చాలదు. ఆ తరువాత ముందున్న పవర్ బటన్‌ను పది పదిహేను సెకన్లపాటు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కొద్దిపాటి విద్యుత్తు దిగిపోతుంది. పెట్టె వెనక అంచున ఉండే రెండు స్క్రూలు విప్పి, ఎడమవైపు రేకును వెనక్కి జరిపితే లోపలంతా కనబడుతుంది. (మన కొట్లలో ఈ పెట్టె మొత్తాన్నీ సీపీయూ అనేస్తారు గాని, అసలు సీపీయూ, అంటే ప్రాసెసర్, బోర్డు నడుమ ఫ్యాను కింద దాగి ఉండే చిన్న చిప్పు. ఫోనులో ‘సీపీయూ పోయింది’ అంటే అవతలి మనిషి ఏది అనుకుంటాడో చెప్పలేం.) ఏదీ ముట్టుకోకముందే ఫోనుతో నాలుగైదు ఫొటోలు తీసుకోండి, ఏ వైరు ఎక్కడిదో రేపు జ్ఞాపకం ఉండదు. 2007 నాటి డిస్కుకు సన్నని సాటా కేబుల్ గాని, వెడల్పాటి బూడిదరంగు రిబ్బను లాంటి ఐడీఈ కేబుల్ గాని ఉంటుంది. ఆ కేబుల్‌నూ, దాని పక్కనే ఉన్న కరెంటు కేబుల్‌నూ వైరు పట్టి లాగకుండా, ప్లాస్టిక్ మొన పట్టుకొని ఊడదీయండి. ఇక మిగిలిన పరీక్షలన్నీ డిస్కు లేకుండానే చేస్తాం. కంప్యూటర్ లేచిందా లేదా తెలుసుకోవడానికి డిస్కు అవసరం లేదు.

ఇప్పుడు మీ కంప్యూటర్ చేసిన పనిని ఒకసారి విప్పి చూద్దాం, ఎందుకంటే ఫ్యాను అర సెకను తిరిగి ఆగడం, ఆ తరువాత అదీ లేకపోవడం అన్న మీ రెండు మాటల్లోనే సగం రోగనిర్ధారణ ఉంది. గోడ నుంచి వచ్చే 230 వోల్టుల కరెంటును పెట్టె వెనకపక్క ఉండే ఎస్‌ఎంపీఎస్ అన్న రేకు డబ్బా 12, 5, 3.3 వోల్టులుగా మార్చి బోర్డుకు ఇస్తుంది. కంప్యూటర్ ఆగి ఉన్నప్పుడు కూడా, గోడ స్విచ్చి వేసి ఉన్నంతసేపూ, ఆ డబ్బా ఊదారంగు వైరు మీద 5 వోల్టులు విడిగా ఇస్తూనే ఉంటుంది. పవర్ బటన్ నొక్కడమంటే టేబుల్ లైటు స్విచ్చి వేసినట్టు కరెంటును నేరుగా కలపడం కాదు. ఆ ఊదారంగు వైరు కరెంటుతో మెలకువగా ఉన్న బోర్డుకు కబురు చేయడం. ఆ కబురందుకొని బోర్డు ఆకుపచ్చ వైరును నేలకు, అంటే నల్ల వైరుకు కలుపుతుంది. అప్పుడు ఎస్‌ఎంపీఎస్ మిగిలిన వోల్టేజీలన్నీ వదులుతుంది. అవన్నీ నిలకడగా ఉన్నాయని తేల్చుకొని బూడిదరంగు వైరు మీద ‘అంతా బాగుంది’ అన్న సంకేతం పంపుతుంది. ఆ సంకేతం అందితేగాని ప్రాసెసర్ పని మొదలుపెట్టదు.

మీ ఫ్యాను అర సెకను తిరిగిందంటే బటన్ పనిచేసింది, ఊదారంగు వైరు మీద కరెంటు ఆనాటికి ఉంది, ఆకుపచ్చ వైరు నల్ల వైరుకు కలిసింది. ఎస్‌ఎంపీఎస్ లేవబోయి, ఎక్కడో ఎక్కువ కరెంటు పోతున్నట్టో, ఏదో ఒక వోల్టేజీ సరిగా పైకి రానట్టో గమనించి తనను తానే ఆపుకుంది. ఆ తరువాత అసలు కదలకపోవడానికి ఒక మామూలు కారణం ఉండవచ్చు: ఇలా రక్షణ కోసం ఆగిన ఎస్‌ఎంపీఎస్‌లు చాలావరకు గోడ కరెంటు తీసేసి కొంతసేపు ఆగితే తప్ప మళ్లీ బటన్‌కు పలకవు. ఇంకొక కారణం, ఊదారంగు వైరు సరఫరా కూడా చచ్చిపోయి ఉండవచ్చు. ఈ రెండింట్లో ఏదో తేల్చడమే మన అసలు పని. బోర్డు పోయిందన్న తీర్పు ఆ తరువాతి మాట.

‘చివరి రోజు బాగానే పనిచేసింది’ అని మీరు ఆశ్చర్యపడ్డారు. రిపేరు చేసేవాళ్లకు ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. ఎస్‌ఎంపీఎస్ లోపల ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లని చిన్న స్తంభాల్లాంటివి ఉంటాయి. వాటిలో ఒక ద్రవం ఉంటుంది. వేడికి అది ఏళ్లమీద ఎండిపోతూ వస్తుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సుమారు సగమవుతుందని లెక్క, చెన్నై మేడమీద గదుల వేసవిని తలచుకుంటే మిగిలింది మీరే ఊహించుకోవచ్చు. గోడ స్విచ్చి ఎప్పుడూ వేసే ఉంచే ఇళ్లలో, కంప్యూటర్ నిద్రపోతున్నా, ఊదారంగు వైరును పోషించే కెపాసిటర్ రాత్రింబగళ్లు పనిచేస్తూనే ఉంటుంది. సగం ఎండిన కెపాసిటర్ వెచ్చగా ఉన్నంతకాలం ఎలాగో నెట్టుకొస్తుంది, ఒకసారి చల్లబడి నెలల తరబడి ఊరుకుంటే మళ్లీ లేవదు. అందుకే పాత కంప్యూటర్లు పనిచేస్తూ చేస్తూ పోవడం కంటే, ఊరికి వెళ్లొచ్చాక పోవడం ఎక్కువ. మీ విషయంలో దీనికి తోడు వానాకాలం మొత్తం అది నేలమీద ఉంది. పెట్టెలోకి నీరు వచ్చిందని మీరు రాయలేదు కాబట్టి తేమ మాత్రమే పట్టిందనుకొని మాట్లాడుతున్నాను. 2015 డిసెంబరు వరదల్లాగానో, 2023 డిసెంబరులో మిగ్‌జామ్ తుపాను అప్పటిలాగానో నీరే లోపలికి చేరి ఉంటే, కడిగి ఆరబెట్టకుండా కరెంటు పెట్టనే కూడదు.

తేమకు మందు ఓపిక. మూత తీసిన పెట్టెను రెండు రోజులపాటు నీడలో, తిరుగుతున్న సీలింగు ఫ్యాను కింద ఉంచండి. ఎండలో పెట్టకండి, జుట్టు ఆరబెట్టే డ్రయ్యరుతో వేడిగాలి కొట్టకండి. దుమ్మును మెత్తని పెయింటు బ్రష్షుతో దులపండి. ఫ్యాను రెక్కలను వేలితో ఆపి పట్టుకొని తుడవండి. ఎస్‌ఎంపీఎస్ జాలీలోంచి టార్చి వేసి చూడడం కూడా మరవద్దు. మన ఊళ్లో చీమల పుట్ట, ఎండిపోయిన బల్లి అందులో దొరకడం కథ కాదు. బల్లి కనబడితే కారణం దొరికినట్టే, కాని దాన్ని తీయడానికి ఆ డబ్బా మాత్రం విప్పకండి. లోపలి పెద్ద కెపాసిటర్ల మీద దాదాపు 325 వోల్టులు ఉంటాయి, ప్లగ్గు తీశాక కూడా కొంతసేపు అక్కడే ఉంటాయి. అది అలవాటున్న మనిషి పని.

ఆరిన తరువాత గోడ దగ్గర నుంచి మొదలుపెట్టండి. పాత యూపీఎస్ ఉంటే దాన్ని పక్కన పెట్టండి. ఎనిమిది నెలలు ఛార్జింగు లేకుండా ఉన్న యూపీఎస్ బ్యాటరీ చనిపోయి ఉండడమే సహజం, బ్యాటరీ చనిపోతే కొన్ని యూపీఎస్‌లు గోడ కరెంటును కూడా ముందుకు పోనివ్వవు. కంప్యూటర్‌ను నేరుగా గోడ ప్లగ్గులోనే పెట్టండి. ఆ ప్లగ్గులో కరెంటు ఉందో లేదో చూడడానికి ఫోను ఛార్జరు పెట్టి సంతోషపడవద్దు. ఛార్జరు 100 వోల్టులకే పనిచేస్తుంది, మీ ఎస్‌ఎంపీఎస్‌కు అది చాలదు. మిక్సీయో, ఇస్త్రీపెట్టెయో పెట్టి చూడండి. కరెంటు తీగను కూడా మార్చి చూడండి. మానిటర్‌కూ కంప్యూటర్‌కూ సాధారణంగా ఒకే రకం తీగ ఉంటుంది కనుక ఆ రెండింటినీ తారుమారు చేస్తే సరి. ఎస్‌ఎంపీఎస్ వెనక ఒకటి, సున్నా గుర్తులున్న స్విచ్చి ఉంటే అది ఒకటి వైపు ఉండాలి.

అక్కడే 115, 230 అని రాసి ఉన్న చిన్న ఎర్ర స్విచ్చి కూడా కొన్నిటికి ఉంటుంది. అది 230 మీదే ఉండాలి, దుమ్ము తుడిచేటప్పుడు గోరు తగిలి కూడా జరగకూడదు. ఈ మాట నొక్కి చెప్పడానికి కారణం నా అనుభవమే. రిపేరు నేర్చుకుంటున్న రోజుల్లో, ఒకరి కంప్యూటర్ బాగుచేసి మూత బిగించి, ఆ స్విచ్చి 115 మీద ఉండడం చూసుకోకుండా ప్లగ్గు పెట్టాను. దీపావళి టపాసు పేలినంత చప్పుడై గదినిండా పొగ వచ్చింది. కొత్త ఎస్‌ఎంపీఎస్ నా డబ్బులతోనే కొనివ్వవలసి వచ్చింది.

ఇక ఎస్‌ఎంపీఎస్‌ను ఒంటరిగా పరీక్షించాలి. దీనికి వోల్టులు కొలిచే ఒక మామూలు మల్టీమీటర్ ఉంటే మంచిది. మీకు అలవాటు లేకపోతే పక్కింటి పాలిటెక్నిక్ కుర్రాడెవరైనా చేసిపెడతాడు. ప్లగ్గు తీసి ఉండగా, బోర్డుకు వెళ్లే 24 పిన్నుల పెద్ద కనెక్టర్‌నూ, ప్రాసెసర్ దగ్గర గుచ్చిన 4 పిన్నుల చిన్న కనెక్టర్‌నూ, మిగిలిన అన్నిటినీ ఊడదీయండి. సీడీ డ్రైవుకు వెళ్లే కరెంటు మాత్రం ఉండనివ్వండి. ఏ భారమూ లేకుండా కొన్ని పాత ఎస్‌ఎంపీఎస్‌లు నిలబడవు. ఇప్పుడు ప్లగ్గు పెట్టి, మీటరు నల్ల కొసను పెద్ద కనెక్టర్‌లోని నల్ల వైరు మీద, ఎర్ర కొసను ఊదారంగు వైరు మీద ఆనించి చూడండి. 4.75 నుంచి 5.25 మధ్య రావాలి. సున్నా గాని, రెండు మూడు వోల్టులు గాని చూపితే ఎస్‌ఎంపీఎస్ పోయింది, బోర్డును అనుమానించవలసిన అవసరం ఇంకా రాలేదు. మీ కంప్యూటర్ విషయంలో ఇదే జరిగి ఉంటుందని నా అంచనా.

ఊదారంగు సరిగ్గా ఉంటే మళ్లీ ప్లగ్గు తీసి, ఒక జెమ్ క్లిప్పును సాగదీసి, ఆ పెద్ద కనెక్టర్‌లో ఉన్న ఒకే ఒక ఆకుపచ్చ వైరు రంధ్రానికీ, దాని పక్క నల్ల వైరు రంధ్రానికీ గుచ్చండి. ఇప్పుడు ప్లగ్గు పెడితే ఎస్‌ఎంపీఎస్ ఫ్యాను ఆగకుండా తిరగాలి. తిరుగుతుండగా పసుపు వైరు మీద 11.4 నుంచి 12.6, ఎరుపు మీద 4.75 నుంచి 5.25, నారింజ మీద 3.14 నుంచి 3.47 వోల్టులు ఉండాలి. ఈ వైర్ల మీది వోల్టేజీ మనిషిని పట్టేది కాదు, కాని క్లిప్పు జారి పసుపు వైరుకు తగలకుండా చూసుకోండి. ఒక హెచ్చరిక: ఈ పరీక్షలో నెగ్గలేని ఎస్‌ఎంపీఎస్ తప్పకుండా చెడ్డదే గాని, నెగ్గినంత మాత్రాన మంచిదని ఒప్పుకోలేం. సీడీ డ్రైవు మాత్రమే తగిలించి ఉన్నప్పుడు 12 చూపి, బోర్డు భారం పడగానే చతికిలబడేవి ఉంటాయి. అందువల్ల అనుమానం మిగిలితే, ఎవరిదైనా పనిచేస్తున్న ఎస్‌ఎంపీఎస్‌ను ఒక పూట అరువు తెచ్చి చూడడమే తిరుగులేని పరీక్ష.

ఎస్‌ఎంపీఎస్ బాగుందని తేలితే బోర్డు దగ్గరికి వెళ్దాం. ర్యామ్ (బోర్డు మీద గుచ్చి ఉండే మెమరీ పట్టీ), ప్రాసెసర్, దాని ఫ్యాను తప్ప బోర్డు మీద మరేదీ ఉండకూడదు. విడి కార్డులు తీసేయండి, సీడీ డ్రైవు వైర్లు తీసేయండి, పెట్టె ముందున్న యూఎస్‌బీ రంధ్రాల నుంచి బోర్డుకు వచ్చే వైరును కూడా ఊడదీయండి. ఏళ్ల తరబడి పెన్ డ్రైవులు గుచ్చిన ఆ రంధ్రంలో ఒక పిన్ను వంగి ఇంకొకదానికి తగిలినా మీరు చెప్పిన అర సెకను లక్షణం రావచ్చు. 24 పిన్నులదీ, 4 పిన్నులదీ మళ్లీ గట్టిగా గుచ్చండి. ఈ ఊడదీసి గుచ్చడం దండగ పని అనిపిస్తుంది గాని, సముద్రపు గాలి ఉన్న ఊళ్లో లోహపు మొనల మీద సన్నని పొర పడుతుంది. ఒకసారి తీసి పెడితే ఆ పొర గీసుకుపోయి, మరే రిపేరూ లేకుండా లేచిన కంప్యూటర్లను చాలా చూశాను. ర్యామ్ విషయంలో ఇది మరీ నిజం. రెండు కొసల కొక్కాలు వెనక్కి నొక్కితే ర్యామ్ పైకి వస్తుంది; దాని బంగారు రంగు పళ్లను పిల్లలు వాడే తెల్ల రబ్బరుతో రెండు వైపులా నెమ్మదిగా తుడిచి, రబ్బరు పొట్టు దులిపి, కొక్కాలు రెండూ టక్కుమనేదాకా నొక్కి పెట్టండి. రెండు ర్యామ్‌లుంటే ఒక్కటే పెట్టండి. లేవకపోతే రెండోది పెట్టి, స్లాటు మార్చి చూడండి.

బటన్ మీద కూడా నమ్మకం ఉంచవద్దు. బోర్డు అడుగున మూలలో ముందు బటన్ల వైర్లు గుచ్చే పిన్నుల గుంపు ఉంటుంది. పవర్ అని రాసిన రెండు పిన్నుల నుంచి వైరు తీసి, స్క్రూడ్రైవర్ మొనతో ఆ రెండింటినీ ఒక క్షణం కలిపితే బటన్ నొక్కినట్టే. దానితో లేస్తే బటనే పాడైంది. రీసెట్ బటన్ వైరును తెచ్చి పవర్ పిన్నులకు గుచ్చుకుంటే సరిపోతుంది, కొనేదేమీ లేదు.

ఇప్పటికీ అర సెకను తిరిగి ఆగుతుంటే ఒక చివరి పరీక్ష ఉంది. ప్లగ్గు తీసి, ప్రాసెసర్ దగ్గరి 4 పిన్నుల కనెక్టర్ ఒక్కటీ ఊడదీసి, మళ్లీ బటన్ నొక్కండి. ఈసారి ఫ్యాను ఆగకుండా తిరుగుతూ ఉంటే, తెరమీద ఏమీ రాకపోయినా, ప్రాసెసర్‌కు కరెంటు అందించే భాగంలో షార్టు ఉందని అర్థం. అప్పుడు మాత్రం కొట్టతని మాట నిజమని ఒప్పుకోవాలి, మూత విప్పకుండా చెప్పినా సరే. ప్రాసెసర్ చుట్టూ ఉన్న కెపాసిటర్ల తలలు చదునుగా ఉన్నాయా, పూరీలా ఉబ్బాయా, గోధుమరంగు జిగురు కారిందా చూడండి. 2000 తరువాతి మొదటి ఏడెనిమిదేళ్లలో తయారైన బోర్డులలో నాసిరకం కెపాసిటర్లు పడి ప్రపంచమంతటా లక్షల కంప్యూటర్లు ఇలాగే పాడయ్యాయి, మీది సరిగ్గా ఆ కాలపుది. ఉబ్బిన కెపాసిటర్లు మార్చడం పెద్ద విద్య కాదు; మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్‌లో అలాంటి పని చేసేవాళ్లుంటారు. అక్కడికి వెళ్తే బోర్డును మాత్రమే తీసుకువెళ్లండి, డిస్కు ఇంట్లోనే ఉండాలి.

ఫ్యాను తిరిగి, తెర మాత్రం నల్లగా ఉంటే చెవి పెట్టి వినండి. బోర్డుకు చిన్న స్పీకరు ఉంటే, ర్యామ్ అందనప్పుడు అది ఆగి ఆగి పొడుగ్గా కూస్తుంది. ర్యామ్ మొత్తం తీసేసినా కూత రాకపోతే జబ్బు బోర్డుదో ప్రాసెసర్‌దో. కూత వస్తే బోర్డుకూ ప్రాసెసర్‌కూ ప్రాణం ఉంది. ప్రాసెసర్ మీది ఫ్యానును మాత్రం ఊరికే ఊడదీయకండి, కింద ఎండిన పేస్టును మళ్లీ వేయవలసి వస్తుంది.

బోర్డు మీద రూపాయి నాణెంలాంటి సెల్లు ఒకటి ఉంటుంది, దాని పేరు సీఆర్2032. కొత్తది 3 వోల్టులు చూపుతుంది. మీది ఎప్పుడో దిగిపోయి ఉంటుంది. కొన్ని బోర్డులు ఈ సెల్లు చచ్చిపోతే మొండికేస్తాయి కూడా, కనుక ఎలాగూ మార్చేయండి. అయితే సెల్లు మార్చాక ఒక చిక్కు వస్తుంది, ఇది తెలియక కంగారుపడి డిస్కు ఫార్మాట్ చేయించుకున్న వాళ్లున్నారు. సెల్లు దిగిపోవడంతో బోర్డు తన పాత అమరికలన్నీ మరచి, తేదీని ఎన్నో ఏళ్లు వెనక్కి తీసుకుపోతుంది. దానితోపాటు డిస్కుతో మాట్లాడే పద్ధతిని కూడా మార్చేసుకోవచ్చు. అప్పుడు విండోస్ ఎక్స్‌పీ సగం లేచి, నీలం తెరమీద 7బీతో ముగిసే ఒక సంఖ్య చూపి ఆగిపోతుంది. డిస్కుకు ఏమీ కాలేదు. మొదలయ్యేటప్పుడు డిలీట్ మీట నొక్కి సెటప్‌లోకి వెళ్లి, సాటా అన్న చోట ఏహెచ్‌సీఐ అని ఉంటే ఐడీఈ అని, ఐడీఈ ఉంటే ఏహెచ్‌సీఐ అని మార్చి చూడండి. తేదీ కూడా అక్కడే సరిచేసుకోండి.

దేనిమీద ఎంత ఖర్చు పెట్టాలన్నది మీరు అడగలేదు గాని, అడగవలసిన ప్రశ్నే. ఎస్‌ఎంపీఎస్, సెల్లు, అవసరమైతే ఒక ర్యామ్ – వీటివరకు ధైర్యంగా ఖర్చు పెట్టవచ్చు. ర్యామ్ కొనేటప్పుడు పాతది చేతిలో పట్టుకువెళ్లండి. డీడీఆర్2, డీడీఆర్3 రెండింటికీ 240 పిన్నులే, పొడుగూ ఒకటే, గాటు ఉన్న చోటు మాత్రమే వేరు, బలవంతంగా నొక్కితే స్లాటు విరుగుతుంది. బోర్డే పోతే మాత్రం పాత బోర్డు వెతికి కొనమని నేను చెప్పను. వేరే రకం బోర్డు మీద నాన్నగారి ఎక్స్‌పీ అలాగే లేవకపోవచ్చు, లేచినా ఆ బోర్డు వయసూ ఇదే. ఎక్స్‌పీకి కంపెనీ రక్షణ సవరణలు ఆపేసింది 2014 ఏప్రిల్ 8న, కనుక ఈ కంప్యూటర్ లేచినా ఇంటర్నెట్‌కు కలపకుండా, పాత ఫైళ్లు తెరవడానికి మాత్రమే వాడమనండి.

ఇక ఫైళ్ల సంగతి. కంప్యూటర్ లేచినా లేవకపోయినా ఇది చేయవలసిందే. డిస్కును పెట్టెలోంచి తీసి, సాటా డిస్కయితే సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే అడాప్టర్‌తో, ఐడీఈ అయితే అందుకు తగిన దానితో, ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్‌కు కలపండి. డెస్క్‌టాప్ డిస్కుకు 12 వోల్టులు విడిగా కావాలి, కనుక తనతోపాటు కరెంటు అడాప్టర్ కూడా వచ్చే రకమే కొనండి. యూఎస్‌బీ తీగ ఒక్కటే ఉన్న చవక రకం దీన్ని తిప్పలేదు. డిస్కు సన్నగా గింగురుమంటూ తిరిగితే శుభం. టిక్కు టిక్కుమని కొట్టుకుంటే వెంటనే తీసేసి, డేటా తీసిచ్చే పనే వృత్తిగా చేసేవాళ్లకు ఇవ్వండి. ఫ్రిజ్జులో పెడితే పనిచేస్తుందన్న సలహాలు వినకండి. ల్యాప్‌టాప్ ‘ఈ డిస్కును ఫార్మాట్ చేయాలా’ అని అడిగితే వద్దనండి. ఎక్స్‌పీలో సొంత ఫైళ్లు ‘డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్’ అన్న ఫోల్డరులో ఉంటాయి. తెరవడానికి అనుమతి లేదని చెబితే ‘కంటిన్యూ’ నొక్కి కాసేపు ఆగాలి. డీటీపీ వాళ్లు సాధారణంగా డీ, ఈ డ్రైవులలో సంవత్సరాల వారీగా పెట్టుకుంటారు కాబట్టి నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకొని చూడండి.

ఇక్కడ తెలుగు డీటీపీకి మాత్రమే ఉన్న చిక్కొకటి ఉంది, ఇంగ్లీషులో పనిచేసేవాళ్లకు ఇది తట్టదు. ఆ రోజుల్లో పేజ్‌మేకర్ అన్న పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో అను వంటి ఫాంట్లతో కూర్చిన ఫైళ్లలో నిజానికి తెలుగు అక్షరాలుండవు. లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల సంకేతాలే. వాటికి తెలుగు రూపం తొడిగేది ఫాంటు. ఫైలు కాపీ చేసి ఫాంటు వదిలేస్తే, కొత్త కంప్యూటర్‌లో ‘శ్రీరస్తు శుభమస్తు’ ఉన్నచోట అర్థంకాని గీతలూ చుక్కలూ వస్తాయి, ఫైలు పాడైందని నాన్నగారు బాధపడతారు. అందువల్ల సీ డ్రైవులో విండోస్ అన్న ఫోల్డరు లోపలి ఫాంట్స్ ఫోల్డరును తప్పకుండా మొత్తం కాపీ చేయండి. ఆ ఫాంట్ల అసలు సీడీలు బీరువాలో ఉంటే వాటినీ పారేయకండి. పేజ్‌మేకర్ చివరి వెర్షను 2001లో వచ్చిన 7. ఇవాళ్టి సాఫ్ట్‌వేర్లు చాలావరకు దాని ఫైళ్లను తెరవవు. పాత కంప్యూటర్‌ను లేపడానికి ఇంత శ్రమ పడమనడం వెనక నా ఉద్దేశం ఇదే. అది ఒక్క నెల లేచి నిలబడినా చాలు, నాన్నగారు ముఖ్యమైన ఫైళ్లను ఒక్కొక్కటే తెరిచి పీడీఎఫ్‌గా మార్చుకోవచ్చు. పీడీఎఫ్ చేసేటప్పుడు ఫాంటును కూడా లోపల పొదిగే ఎంపిక పెడితే, ఆ తరువాత ఏ ఫోనులోనైనా అది తెలుగుగానే కనబడుతుంది. భజన పాటల వంటివి మళ్లీ దిద్దుకొని వాడుకోవాలంటే యూనికోడ్‌లోకి (ఇవాళ ఫోన్లలో వాడే అసలు తెలుగు అక్షరాల్లోకి) మార్చే సాధనాలున్నాయి. ఒత్తులూ సున్నాలూ అక్కడక్కడ తారుమారవుతాయి. ఆ ప్రూఫులు దిద్దడానికి మీ ఇంట్లో నాన్నగారికి మించిన మనిషి ఉండరు.

కాపీ ఒకచోట చాలదు. ఒక ఎక్స్‌టర్నల్ డిస్కులో ఒకటి, ల్యాప్‌టాప్‌లో ఒకటి ఉంచండి. పాత డిస్కును తుడిచేయకముందు, కాపీలోంచి నాన్నగారు కోరిన ఏదో ఒక పెళ్లిపత్రికను తెరిచి, పేర్లూ ముహూర్తమూ సరిగ్గా చదవగలుగుతున్నారో లేదో చూడమనండి. ఊదారంగు వైరు మీద మీటరు ఎంత చూపిందో మాత్రం నాకు మళ్లీ రాయండి. ఆ ఒక్క అంకె తెలిస్తే పోయింది ఎస్‌ఎంపీఎస్సేనా, ఇంకా ముందుకు వెతకాలా అన్నది చెప్పగలను.